నీలి నీళ్ళలో తేలిన చుక్క

ఈ మార్చి 8న గోదావరిఖనిలో మన సంఘం రక్తదాన శిబిరం పెట్టింది. ఊరేగింపు, ఉపన్యాసాలు ఏటా ఉండేవే, ఈసారి నలుగురికి పనికొచ్చేది ఒకటి చేద్దామనుకున్నాం. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు, మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. గనిలో ప్రమాదం జరిగిన రోజున రక్తం కోసం ఆస్పత్రి గేటు దగ్గర నిలబడటం ఈ ఊరికి కొత్త కాదు. పిలిస్తే ఆడవాళ్ళు వస్తారని మాకు నమ్మకం. వచ్చారు కూడా.

రక్తం తీసుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తారు. వేలికొస గుచ్చి, ఒక్క చుక్కను మైలుతుత్తం కలిపిన నీలి నీళ్ళలో వేస్తారు. చుక్క గబుక్కున మునిగిపోతే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని అర్థం. తేలిపోతే తక్కువని అర్థం. తేలినవాళ్ళ దగ్గర రక్తం తీసుకోరు.

ఆ వరసలో ఒక కొత్త పెళ్ళికూతురు ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది, మోచేతుల దాకా గాజులు. తమ క్వార్టర్ల వరసలో ఆడవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. గుచ్చుతుంటే కళ్ళు మూసుకోకుండా చూసింది. చుక్క తేలింది. తేలడమే మంచిదనుకుంది ఆ పిల్ల. "మేడం, నాది తేలింది. మంచిదే గద?" అని సంబరంగా నా వైపు తిరిగింది. బల్ల దగ్గర కూర్చున్న మన కార్యకర్త, "నీకే లేదు, ఇంక నువ్వేమిస్తవమ్మా" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపేశాం. ఆమె మాత్రం పోలేదు. సాయంత్రం దాకా ఉండి, రక్తం ఇచ్చిన మగవాళ్ళకు పండ్లరసం, బిస్కెట్లు అందించింది.

రాత్రి నివేదిక రాసుకున్నాం. ఎన్ని యూనిట్లు వచ్చాయో రాశాం, వచ్చిన అతిథుల పేర్లు రాశాం. వెనక్కి పంపిన ఆడవాళ్ళు ఎందరో రాసుకోలేదు. వాళ్ళ పేర్లు మా దగ్గర లేవు, వాళ్ళు ఎక్కడుంటారో తెలియదు. చాలామందే అన్నది గుర్తుంది, అంతే. స్త్రీల ఆరోగ్యం గురించి ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్న సంఘం, స్త్రీల దినోత్సవం నాడు, రక్తం లేని ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ గుర్తించి, ఒక్కొక్కరినీ ఇంటికి పంపేసింది. ఈ సంపాదకీయం ఆ సంగతి గురించే.

అసలు మన ఉద్యమం కొత్త పెళ్ళికూతుర్ని ఎప్పుడు పట్టించుకుంది? వరకట్న చావులప్పుడు పట్టించుకుంది. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు ఊరికే రాలేదు. ఆడవాళ్ళు రోడ్ల మీదికి వచ్చి, శవాల ఫొటోలు పట్టుకుని తిరిగితే వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనే లెక్క అప్పుడు చట్టంలోకి ఎక్కింది. ఆ పోరాటం తప్పనిసరి. అయితే దాని నీడ ఒకటి మన రాతల మీద పడింది. కొత్త పెళ్ళికూతురు మన పత్రికల్లో ఎక్కువగా కాలిపోయిన శరీరంగానే కనిపించింది. బతికి ఉన్న కొత్త పెళ్ళికూతురు, పొద్దున లేచి వాకిట్లో ముగ్గు వేసి, కొత్త కుక్కరు విజిల్ కోసం ఎదురుచూసి, ఫోనులో చెల్లెలికి కూర ఫొటో పంపించే మనిషి, మనకు అంత గంభీరమైన విషయంగా తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ సరదాలంటే మనకు కాస్త చులకన. ఆ గాజులు, ఆ మెహందీ, ఆ చమ్కీ చీరలు, అన్నీ పితృస్వామ్యం వేసిన ఎర అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్ళం. నేనూ ఆ మాట రాశాను. తప్పని అనను గానీ, ఆ మాట రాశాక ఆ అమ్మాయితో మాట్లాడవలసిన పని లేకుండా పోయింది.

శిబిరం అయిన పది రోజులకు ఆ అమ్మాయిని వెతుక్కుంటూ పోయాను. పేరు రాయను, కాలనీ పేరు కూడా రాయను. గోదావరిఖనిలో క్వార్టర్లన్నీ ఒకే పోలికలో ఉంటాయి కనుక పాఠకులకు ఇబ్బంది లేదు. ఆమెది మంథని వైపు పల్లె. ఇంటర్ చదివింది. భర్తకు తండ్రి అనారోగ్యం వల్ల కారుణ్య నియామకంలో బాయి పని దొరికింది. బొగ్గు గనిని ఇక్కడ అందరూ బాయి అనే అంటారు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లోకి పడిపోయింది. పర్మినెంట్ ఉద్యోగం అరుదైనకొద్దీ ఆ ఉద్యోగమున్న పిల్లగాడి ధర పెరిగింది. ఆమె తండ్రి ఎకరం అమ్మాడు. ఆ సంగతి ఆమె చాలా మామూలుగా చెప్పింది. అంతకన్నా ఉత్సాహంగా చెప్పినవి వేరే ఉన్నాయి.

లక్ష్మీనగర్‌లో కొన్న స్టీలు డబ్బాలు ఒక్కొక్కటీ దించి చూపించింది. జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోంది. అద్దాల కుట్టు ఇంకా రాదట. వాకిట్లో ఒక తులసి, రెండు బంతి మొక్కలు, పాత హెల్మెట్‌లో వేసిన కొత్తిమీర. ఫోనులో వంటలు చూస్తుంది, యోగా చూస్తుంది. ఆరోగ్యానికి సంబంధించిన ప్రతి పనికీ తానే ముందు. పల్స్ పోలియో రోజు ఆశా కార్యకర్త వెంట ఇల్లిల్లూ తిరిగింది. క్యాన్సర్ మీద అవగాహన కోసమని ఎవరో నడక పెడితే గులాబీ రంగు చీర కట్టుకుని పోయింది. మన రక్తదానానికి వచ్చింది. "ఏదన్న మంచి పనున్నదంటే నాకు ఇంట్ల కూసోబుద్ధి గాదక్కా. బయటికి పోయినట్లుంటది, పుణ్యమొచ్చినట్లుంటది" అంది. ఎంత నిజాయితీ! మనలో ఎందరం సంఘంలోకి వచ్చిన కారణం ఇంత సూటిగా చెప్పగలం? కొత్త కోడలు గడప దాటడానికి అత్తగారు ఒప్పుకునే కారణాలు గుడి, ఆస్పత్రి, సేవ. సినిమాకంటే ఒప్పుకోరు, ఆరోగ్య శిబిరానికంటే ఒప్పుకుంటారు. ఈ సంగతి కంపెనీ సేవా కార్యక్రమాలు నడిపేవాళ్ళకు తెలుసు, ప్రభుత్వానికి తెలుసు, స్వచ్ఛంద సంస్థలకు తెలుసు. గులాబీ చీరల నడకలు, ర్యాలీలు, పండ్లరసం బల్లలు ఈ అమ్మాయిల ఉత్సాహం మీదే నడుస్తున్నాయి. జీతం అక్కర్లేదు, ఒక టోపీ, ఒక ఫొటో చాలు.

పొద్దున్నుంచి ఏం తిన్నావని అడిగాను. ఆ వారం భర్తకు సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం పోతే రాత్రి పదకొండు దాటాక వస్తాడు. అతను వచ్చి స్నానం చేసి తిన్నాకే ఆమె తింటుంది. అప్పటికి అర్ధరాత్రి అవుతుంది. పొద్దున ఆకలి ఉండదు, చాయ్ తాగుతుంది. పదింటికి మళ్ళీ చాయ్. మొదటి అన్నం మధ్యాహ్నం అతన్ని పంపించాక. మొదటి షిఫ్టు వారంలో ఇంకో రకం. తెల్లవారుజామున లేచి టిఫిను కట్టి పంపాక పడుకోదు, తినదు. భర్త బలవంతం లేదు, అత్తగారి శాసనం లేదు. "ఆయన తినకముందు తింటే మంచిగనిపియ్యది" అంది. ఆ ఇంట్లో ఆదివారం మటన్ వండుతారు. కార్జం ఎవరి కంచంలో పడుతుంది? "బాయికి పోయేటోళ్ళకు బలముండాలె గద" అని అత్తగారు వంటింట్లోంచే జవాబు చెప్పింది. గొంతులో దురుసు లేదు. నిజంగానే అలా నమ్ముతోంది. ముప్పై ఏళ్ళు అలా వడ్డించింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్ళలో 15.3 శాతం. ఒకే పొయ్యి మీద వండిన అన్నం, ఒకే కప్పు కింద తిన్న మనుషులు. నాలుగో విడత సర్వే నాటికీ అయిదో విడత నాటికీ స్త్రీలలో ఈ సంఖ్య తగ్గకపోగా కాస్త పెరిగింది. ఈ మధ్యలో ఎన్ని పథకాలు వచ్చాయో మనకు తెలుసు.

వాటి వరస ఒక్కసారి చూడండి. 2014లో కల్యాణలక్ష్మి మొదలైంది. మొదట 51,000 రూపాయలు, 2018 నుంచి 1,00,116. చెక్కు పెళ్ళికూతురి తల్లి పేరున వస్తుంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం. 2017లో ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయినవాళ్ళకు కె.సి.ఆర్. కిట్టు ప్రకటించారు. దానితో పాటు మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు పోషకాహార కిట్లు మొదలుపెట్టారు. ఆ తొమ్మిదిలో కుమ్రం భీం ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. మూడూ బొగ్గు తవ్వే జిల్లాలే. ఏ పథకాన్నీ తీసిపారేయను, ఆ భోజనం తిని తేరుకున్న గర్భిణులను చూశాను. కానీ పెళ్ళి పందిట్లో ఒకసారి, కడుపు పండాక ఒకసారి ప్రభుత్వానికి ఆడపిల్ల కనబడుతోంది. ఆ రెండింటి మధ్య నెలల్లో ఆమె ఎవరి రిజిస్టర్లోనూ లేదు. బడిలో, కాలేజీలో వారానికొక ఐరన్ మాత్ర ఇచ్చే చోటు దాటేసింది. గర్భిణిగా పేరు ఎక్కలేదు. 2018లో వచ్చిన రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలో ఇరవై దాటిన స్త్రీలకు కూడా వారానికొక మాత్ర ఉండాలని కాగితం మీద ఉంది. ఆ మాత్ర మా అమ్మాయి చేతికి రాలేదు, ఆమె వదినకూ రాలేదు.

ఈ నెలలే అసలైనవి. పిండం వెన్నుపాము తయారయ్యే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అంటే నెల తప్పిందని తెలిసేలోపే. ఫోలిక్ ఆమ్లం మాత్ర అంతకు ముందు నుంచి వేసుకుంటేనే ఉపయోగం. హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరున్న మనిషి కడుపుతో అయ్యాక ఐరన్ మొదలుపెడితే, కాన్పు దాకా పరుగెత్తినా అందుకోవడం కష్టం. ఇక ఆ కాన్పు ఎలా జరుగుతోంది? అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే అయ్యాయి. కరీంనగర్ జిల్లాలో 82.4 శాతం. 2016 దాకా గోదావరిఖని ఉన్నది ఆ జిల్లాలోనే. రక్తం లేని ఒంటి మీద కత్తి పెడుతున్నాం.

ఆమె పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. రెండో నెల నుంచే "ఏమన్నా విశేషమా?" అన్న ప్రశ్న మొదలైంది. మొదట నవ్వుతూ అడిగారట, తర్వాత నవ్వకుండా. నీళ్ళ పంపు దగ్గర అడిగారు, పల్లె నుంచి తల్లి ఫోనులో అడిగింది. నువ్వేమనుకుంటున్నావని ఎవరూ అడగలేదు. భర్తతో ఆ మాటే రాలేదు. ఒక ఏడాది ఆగుదామని ఆమెకు ఉంది, కుట్టుపని పూర్తిగా నేర్చుకోవాలని ఉంది. ఆ కోరికను నాతో అన్నప్పుడు గొంతు తగ్గించింది. చీరలు, డబ్బాలు చూపించినప్పటి గొంతు కాదది.

జననాల రేటు ఎక్కువున్న కొన్ని రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వం కొత్త దంపతులకు ఆశా కార్యకర్త చేత ఒక సంచీ పంపిస్తోంది. 'నయీ పహల్' అంటారు. అందులో నిరోధ్‌లు, గర్భనిరోధక మాత్రలు, గర్భ పరీక్ష కిట్టు ఉంటాయి. వాటితో పాటు తువ్వాలు, దువ్వెన, అద్దం, బొట్టుబిళ్ళలు, గోళ్ళు కత్తిరించుకునేది. చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత అనిపించింది, దువ్వెన పెట్టినవాళ్ళకు కొత్త పెళ్ళికూతురంటే ఎవరో కొంత తెలుసని. తెలంగాణలో జననాల రేటు ముందే తగ్గింది కనుక ఆ సంచీ మనదాకా రాలేదు. జనాభా తగ్గించడమే లెక్క అయితే మన పిల్ల అవసరం లెక్కలోకి రాదు. ఇక్కడ పద్ధతి మనకు తెలిసిందే. పెళ్ళి, వెంటనే ఒక బిడ్డ, వెంటనే ఇంకో బిడ్డ, ఆపరేషను. దేశం మొత్తం మీద ఆడవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్ళవి 0.3 శాతం.

ఆ అత్తగారి కథ అక్కడే కూర్చుని విన్నాను. ఇరవై రెండేళ్ళకు ఆపరేషనయింది. ముప్పై అయిదు దాటకముందే తెల్లబట్ట, నడుంనొప్పి అని పోతే ఒక ప్రైవేటు డాక్టరు గర్భసంచి తీసేశాడు. "ఉంచితే క్యాన్సర్ అయితదన్నడు మేడం. నాకేం ఎరుక?" మన రెండు తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో దేశంలోనే ముందున్నాయి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తంలో మూడు శాతమైతే, తెలంగాణలో ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది. కోడలు కార్జం తినకూడదని ఆమె అన్నది పంతం వల్ల కాదు. ఆమెకు తన ఒంటి గురించి ఏనాడూ ఎవరూ ఒక్క కాగితం చదివి చెప్పలేదు.

ఆ ఇంట్లో కాగితాలున్న ఒళ్ళు ఒకటుంది. భర్తది. 1955 నాటి గనుల నిబంధనల కింద గని కార్మికుడికి పనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి వైద్య పరీక్ష జరుగుతూ వచ్చింది. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల శక్తి, చెవి, కన్ను చూస్తారు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని కార్మికులు దశాబ్దాల పాటు కొట్లాడి సాధించుకున్న హక్కు అది. దాన్ని చూసి అసూయపడవలసిన పని లేదు. కానీ బాయిలో దిగే ఒంటికి బలం కావాలి కనుక పరీక్ష ఉంది, ఆ ఒంటికి వండిపెట్టి, మసిబట్టలు ఉతికి, షిఫ్టు షిఫ్టుకీ నిద్ర మార్చుకునే ఒంటికి లేదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళను భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు. ప్రమాదం నుంచి రక్షణ అని చెప్పారు. 2019 జనవరిలో కేంద్రం షరతులతో ఆ తలుపు కాస్త తెరిచింది. గని బయట ఉన్న ఆడవాళ్ళకు మాత్రం ఏ రక్షణా రాలేదు. వైద్య కార్డులో కొత్త కోడలి పేరు ఆధారపడినవారి కింద ఎక్కుతుంది. జబ్బు చేస్తే చూస్తారు. కానీ రక్తహీనతను ఈ ప్రాంతంలో ఎవరూ జబ్బనుకోరు, నీరసం అంటారు. నీరసానికి ఆస్పత్రికి ఎవరు పోతారు? కాంట్రాక్టు కార్మికుల భార్యలకయితే పర్మినెంటువాళ్ళకున్నంత ఆసరా కూడా లేదు. అదే గని, అదే మసి.

నేను అడుగుతున్నది పెద్ద పథకం కాదు. కార్డులో కొత్త పెళ్ళికూతురి పేరు ఎక్కించే రోజున, ఆమెకు ఇష్టమైతే, ఒక రక్తపరీక్ష. ఫలితం ఆమె చేతికే. అత్తగారికి కాదు, భర్తకు కాదు. తక్కువుంటే మూడు నెలల మందు, మళ్ళీ పరీక్ష. గర్భం ఎప్పుడో మాట్లాడుకునేందుకు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక అరగంట. కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళకూ ఇదే. సింగరేణి ఆస్పత్రులున్నాయి, 2022 నుంచి రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలుపెట్టి వంద ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీలకు ప్రత్యేక క్లినిక్కు అన్నారు. ఆ ఆలోచనను కార్మిక కాలనీల గడప దాకా తీసుకురావడం అసాధ్యమేమీ కాదు. కార్మిక సంఘాలు బోనస్ గురించి, క్వార్టర్ల గురించి సమ్మె నోటీసులు ఇస్తాయి. ఆ కోర్కెల చివర ఒక వాక్యంగానైనా ఇది ఎక్కాలి. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో సంఘాల మహిళా విభాగాలు అడగాలి.

భర్తకు కూడా పరీక్ష కావాలని ఎందుకంటున్నానో చెప్తాను. మూడు నెలలు ఐరన్ వేసుకున్నా రక్తం పెరగకపోతే తలసీమియా వాహకురాలేమో చూడాలి. వాహకులకు సాధారణంగా జబ్బు ఉండదు, తెలియను కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులో నాలుగోవంతు అవకాశం తలసీమియా బిడ్డ పుట్టడానికి ఉంటుంది. ముందు కోడలికి పరీక్ష చేసి ఫలితం నలుగురిలో చెప్పారంటే ఆ పిల్ల బతుకు ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ముందు మగవాడికి చేయండి. అతను వాహకుడు కాకపోతే ఆ భయం అక్కడికే పోతుంది.

ఇష్టమైతే అన్న మాట ఊరికే రాయలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షన్ శిబిరం పెట్టినప్పుడు, అది ఇంకా ప్రయోగంలో ఉన్న మందని అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన మిత్రులు వెళ్ళి నిలదీశారు, మరుసటి ఏడాది ఢిల్లీ సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1991లో వాళ్ళు తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆ నిలదీతకు కొనసాగింపే. ఇక మన బొగ్గు ప్రాంతం సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. ఎంచుకున్న మూడు మండలాల్లో సింగరేణి కేంద్ర కార్యాలయం ఉన్న కొత్తగూడెం ఒకటి. హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి, టీకా మీద నాకు పేచీ లేదు. పేచీ అడగకపోవడం మీద. ఆరోగ్యం పేరు చెబితే ఉత్సాహంగా ముందుకొచ్చే పిల్లల్ని అడగవలసిన పని లేదనుకోవడం చాలా సులభం. మా అమ్మాయిలాంటి వాళ్ళు అన్నింటికీ చెయ్యి చాపుతారు. సూదికీ, టోపీకీ, కరపత్రానికీ.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమెతో కలిసి పరీక్షకు పోయాను. 8.9 వచ్చింది. ఆ అంకెకు అర్థమేమిటో చెప్పాను. గర్భం లేని స్త్రీకి 12 ఉండాలి, గర్భిణికి కనీసం 11. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ రోజే చెప్పకపోయిన్రా అక్కా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మందులు మొదలుపెట్టింది. మలం నల్లగా వస్తుందని భయపడొద్దని ముందే చెప్పాను, చాలామంది ఆ భయంతోనే ఆపేస్తారు. చాయ్‌తో మాత్ర వేసుకోకూడదంటే అది మాత్రం కష్టమంది. అత్తగారు మొదట "పిల్లలు గాకుంట జేసే గోళీలా?" అని అనుమానపడింది. కోడలి కాగితం చూసి తనకూ పరీక్ష చేయించమంది. ఆమెది 9.4. సెకండ్ షిఫ్టు వారంలో ఇప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ రాత్రి ఎనిమిదింటికి తినేస్తున్నారు. భర్త ఏమన్నాడని అడిగితే, "ఏమంటడు? అన్నం ఏడి చేసి పెడ్తున్న గద" అంది. తలసీమియా పరీక్షకు అతను ఇంకా ఒప్పుకోలేదు. ఒక ఏడాది ఆగుదామన్న మాట అతనితో అన్నదో లేదో నాకు చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

ఆషాఢంలో పుట్టింటికి పోయింది. మాత్రలు వెంట తీసుకుపోయింది. బతుకమ్మ కూడా పుట్టింట్లోనే, తొలి బతుకమ్మ కదా. అది అయ్యాక మళ్ళీ పరీక్ష.

ఈలోగా మనం చేయవలసింది ఒకటుంది. వచ్చే శిబిరంలో బల్ల మీద ఒక పుస్తకం పెడుతున్నాం, రక్తం ఇచ్చినవాళ్ళ కోసం కాదు, వెనక్కి పంపినవాళ్ళ కోసం. పేరు, వయసు, హిమోగ్లోబిన్ ఎంత, ఏం చెప్పాం, మళ్ళీ ఎప్పుడు కలుస్తాం. పేరు రాయించుకోవడం ఇష్టం లేనివాళ్ళకు వరస నంబరు. అంకె తెలియాలంటే నీలి నీళ్ళ చుక్క చాలదు కనుక హిమోగ్లోబిన్ కొలిచే చిన్న మిషను ఒకటి కొనాలి. చందాలు పంపగలిగినవాళ్ళు పంపండి. మీ ఊళ్ళో రక్తదాన శిబిరాలు పెట్టిన సంఘాలు, ఎంతమంది ఆడవాళ్ళను వెనక్కి పంపారో, తర్వాత వాళ్ళ సంగతి ఏమైందో తెలిస్తే మాకు రాయండి. తెలియకపోతే ఆ మాటే రాయండి.

పుస్తకానికి గీతలు కొట్టింది ఆ అమ్మాయే, పుట్టింటికి పోయేముందు. మేము చెప్పిన గడులన్నీ స్కేలు పెట్టి గీసి, రంగు పెన్నులతో పేర్లు రాసింది. అంచున చిన్న పువ్వులు కూడా వేసింది. చివర ఇంకొంత జాగా మిగిలితే, మేము చెప్పని గడి ఒకటి తనే కలిపింది. దాని మీద "పొద్దుగాల ఏం తిన్నవు?" అని రాసింది.